రాళ్లు కట్టిన చెట్లు

ఈ సంగతి నేను ఇన్నేళ్లూ రాయలేదు. రాయడం రాదు కాబట్టి రాయలేదు. మా కాలంలో మా వైపు ఆడపిల్లను బడికి పంపాలన్న ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు. మేకల వెంట పంపేవాళ్లు. మనవలు పుట్టాక, మా వీధిలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే వెళ్లి కూర్చుని నేర్చుకున్నాను. అక్షరాలు వచ్చాక కూడా బస్సు బోర్డులూ, మందు సీసాల మీది పేర్లూ చదువుకోవడమే గానీ, నా అంతట నేను ఒక సంగతి కూర్చి రాయాలని తోచలేదు.

తోచేట్టు చేసింది నరసరావుపేటలో ఒక మొక్కల కొట్టు. కూతురింటికి తులసి మొక్క కొందామని వెళ్లాను. అక్కడ ఒక బల్ల మీద పళ్లేల్లాంటి కుండీల్లో మూరెడు ఎత్తు చెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. ముసలి మాను, మెలి తిరిగిన కొమ్మలు, గోరంత ఆకులు. ముందు అట్టముక్క మీద ఏదో రాసి ఉంటే కూడబలుక్కుని చదివాను. బోన్సాయ్.

"ఇది జపాను వాళ్ల విద్య మామ్మా. మన వైపు ఈ మధ్యనే వచ్చింది" అన్నాడు కొట్టాయన.

"మా ఇంట్లో యుద్ధం రోజుల్లోనే ఉండేవయ్యా ఇట్టాంటివి."

"ఉంటయిలే మామ్మా" అని నవ్వాడు. ముసలావిడ ఏదో అంటోంది, కాదనడమెందుకు అన్నట్టు నవ్వాడు. నాకు కోపం రాలేదు గానీ, ఇంటికి వచ్చి మనవరాలి పెన్సిలు అడిగి తీసుకున్నాను.

మా ఇంట్లో ఆ చెట్లకు పేరేమీ ఉండేది కాదు. ఊళ్లో వాళ్లు రంగం చెట్లు అనేవాళ్లు.

మాది మాచర్ల పక్క పల్లె. నాపరాయి మీద బతికే ఊరు. గోడలు నాపరాయి, కప్పు నాపరాయి, చేలకు దడి కూడా నాపరాయి పలకలే. ఊరికి ఉత్తరాన కొండ అని మేం పిలుచుకునేది నిజానికి కొండేం కాదు, నాపరాళ్లు పొరలు పొరలుగా పైకి లేచిన ఒక మిట్ట. రాయికీ రాయికీ మధ్య నెర్రెల్లో బలుసు, కలివి, చింత, జువ్వి మొలిచేవి. నెర్రెలో ఉండేది గుప్పెడు మన్ను. వాన పడిన నాడే నీళ్లు. అది చాలదన్నట్టు మా మేకలు. చిగురు వేసిందల్లా కొరికేసేవి. అక్కడ చెట్లు నా చిన్నప్పుడు ఎంత ఉన్నాయో నా పెళ్లి నాటికీ అంతే ఉన్నాయి.

పెళ్లి అంటే దూరం ఎక్కడికీ కాదు. మా అమ్మ తమ్ముడి కొడుకునే చేసుకున్నాను. మామ అప్పటికే పోయాడు. ఇంట్లో అత్త, మా ఆయన, నేను. మా ఆయన నాపరాయి తీసే పనికి పోయేవాడు. నేను పుట్టింట్లో మాదిరే ఇక్కడా మేకల వెంట పోయేదాన్ని.

రంగం మీద బాంబులు పడ్డ ఏడాది మా పెదమామ వచ్చాడు. రంగం అంటే రంగూను. ఆయన మా మామకు అన్న, మా అమ్మకు కూడా అన్నే. నేను పుట్టకముందే ఓడెక్కి పోయిన మనిషి. అక్కడ ఒక చీనా షావుకారు ఇంట్లో తోటపని చేసేవాడట. యుద్ధం రాగానే వేల మందితో పాటు కొండల మీదుగా, అడవుల్లో పడి నడిచి వచ్చాడు. కట్టుకున్న భార్య అక్కడే ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. మాచర్ల స్టేషనులో రైలు దిగి, ఇంటికి దారి గుర్తులేక వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ వచ్చాడు. చేతిలో ఒక చిన్న కత్తెర తప్ప ఏమీ లేదు.

"తిండి లేక చచ్చిపోతా కత్తెర మోసుకొచ్చావా మావా?" అని అడిగాను ఒకరోజు.

"బరువు లేదు గదే" అన్నాడు.

ఆయనతో నేను మాట్లాడగలిగేదాన్ని, మేనమామ గనక. అత్త మాట్లాడకూడదు. మొగుడి అన్న ఎదుట పడకూడదు, ముఖం చూసి మాట్లాడకూడదు, ఆ రోజుల్లో అది గట్టిగా పాటించేవాళ్లు. ఒక గదీ ఒక పంచా ఉన్న ఇంట్లో ఎదుట పడకుండా ఎట్లా ఉంటారు? అందుకని అత్త మా తెల్లమేకతో మాట్లాడేది. పంచలో స్తంభానికి కట్టేసి ఉండేది ఆ మేక.

"ఏమే తెల్లదానా, సంగటి చల్లారిపోతంది, తినేవాళ్లు తినొచ్చు."

పెదమామ కూడా మేక వైపే తిరిగి, "వస్తన్నానని చెప్పవే" అనేవాడు.

మొదట్లో నాకు నవ్వాగేది కాదు. తర్వాత అలవాటైపోయింది. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం మేక వంక, అత్త వంక మార్చి మార్చి చూసేవాళ్లు.

వచ్చిన కొత్తల్లో ఆయన ఊరికే కూర్చుని ఉండేవాడు. ఒళ్లు కోలుకోలేదు, మనసూ కోలుకోలేదు. ఒకరోజు నాతో కొండకు వచ్చాడు, పొద్దు పోక. నేను మేకల్ని మళ్లేసుకుంటూ వెనక్కి చూస్తే మనిషి లేడు. వెతుక్కుంటూ వెళ్తే ఒక బలుసు చెట్టు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోకాలెత్తు చెట్టు. మాను మాత్రం నా ముంజేయంత లావు, బెరడు పగుళ్లు తేలి ఉంది.

"దీన్ని ఎవరు పెంచారే?" అన్నాడు.

"ఎవరు పెంచుతారు మావా, మేకలు కొరుకుతా ఉంటయి."

"రంగంలో ఇంత చెట్టు చెయ్యడానికి మా షావుకారు తాత మొదలుపెడితే మనవడు పూర్తిచేశాడు. ఇక్కడ మేకలు చేసి పెట్టినయ్." ఆయన ముఖంలో నవ్వు నేను చూడడం అదే మొదలు.

ఆ చీనా షావుకారు ఇంటి వెనక ఇట్లాంటి చెట్లు బల్లల మీద వరసగా ఉండేవట. వాటికి నీళ్లు పొయ్యడం, చిగుళ్లు గిల్లడం, వేళ్లు కత్తిరించి మన్ను మార్చడం, అదే ఈయన పని. ఒక చెట్టు చూస్తే కొండ మీద నిలబడి గాలికి వంగిన మహావృక్షంలాగా ఉండాలట. "చిన్న చెట్టు కాదే అది. దూరాన ఉన్న పెద్ద చెట్టు" అని చెప్పేవాడు.

ఇంక ఆయన ఊరుకోలేదు. గునపం పట్టుకుని పోయి చెట్లు పెరికి తెచ్చాడు. తెచ్చినవి తెచ్చినట్టే ఎండిపోయాయి. రంగంలో ఎప్పుడు చూసినా వాన, ఎప్పుడు తవ్వినా వేరు పట్టేది. మా పలనాడు ఎండ ఆయన మరిచిపోయాడు. కొండ చెట్టుకు పక్క వేళ్లు తక్కువ. ఒక్కటే వేరు నెర్రెలో పడి పాతాళానికి పోయినట్టు పోతుంది. దాన్ని ఒక్క దెబ్బకు నరికితే చెట్టు బతకదు. ఎండిన మోళ్లను పంచలో పెట్టుకుని దిగులుగా కూర్చుంటే, "తెల్లదానా, పొయ్యిలోకి మంచి పుల్లలే తెచ్చారు" అని అత్త వాటిని విరిచి వంట చేసింది.

తర్వాత ఇద్దరం కలిసి ఆలోచించాం. ఏ చెట్టును మేకలు ఏటా కొరుకుతాయో నాకు తెలుసు, వేరును ఎట్లా లొంగదీయాలో ఆయనకు తెలుసు. తొలకరికి చెట్టు మొదట్లో ఒక పక్క తవ్వి, ఆ పక్క నుంచి వేరు సగం కోసి, మేకపెంటికలు కలిపిన మెత్తటి మన్ను నింపి వదిలేసేవాళ్లం. మరుసటి తొలకరికి రెండో పక్క. అప్పటికి మొదటి పక్క వెంట్రుకల్లాంటి వేళ్లు కుచ్చుగా వచ్చి ఉండేవి. ఆ తర్వాత వానల్లో చెట్టును మన్నుతో సహా గోనెపట్టాలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దిగేవాళ్లం. ఇంటికి తెచ్చాక పేడనీళ్లు చల్లేదాన్ని, లేకపోతే మా మేకలే తినేసేవి.

కుండీలు ఎక్కడివి? అరిగి అరిగి అడుగున చిల్లు పడ్డ రోళ్లు ఊళ్లో అడిగి తెచ్చాడు. నీళ్లు నిలవకుండా కారిపోవడానికి అంతకంటే మంచిది దొరకదని మురిసిపోయాడు. కొమ్మలు వంచడానికి రంగంలో రాగి తీగ చుట్టేవాళ్లట. యుద్ధం రోజుల్లో రాగి ఎవరిస్తారు? తాటినారతో నాపరాయి పెచ్చులు కట్టి కొమ్మలకు వేలాడదీసేవాడు. గాలి వీస్తే అవి ఒకదానికొకటి తగిలి టక్కు టక్కుమనేవి.

ఎదురింటి పిన్నమ్మ చూసిపోయి ఊరంతా చెప్పింది. "ఏమే, మీ మావ చెట్లకు తాళిబొట్లు కట్టాడంటగా, పెళ్లికొడుకులు ఎక్కడున్నారే?" అని బావి దగ్గర అందరూ ఒకటే నవ్వు.

మా ఆయన మాత్రం, "పొద్దస్తమానం నేను రాళ్లు మోసి ఇంటికొస్తే, ఇక్కడ చెట్లు కూడా రాళ్లే మోస్తన్నయి. కూలి ఎంతిస్తన్నావ్ పెదనాన్నా?" అనేవాడు.

అన్నిటిలోకీ గొప్పది జువ్వి. ఎత్తిపోతల జలపాతం దారిలో ఒక గట్టు అంచున ఉండేది. వేళ్లన్నీ ఒక రాతి పలక మీద పరుచుకుని, రాయిని పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టుకుని ఉండేవి. రాయిని విడదీస్తే చెట్టు లేదు. ఒక సెలవు రోజు మా ఆయన వచ్చి, పలక కింద పొరలో ఉలి పెట్టి, ఎంత నెమ్మదిగా కొట్టాడంటే, పైపొర చెట్టుతో సహా అప్పడంలా లేచి వచ్చింది. పెదమామా తనూ కర్రకు కట్టి మోసుకొచ్చారు. నేను అప్పుడు కడుపుతో ఉన్నాను. వెనక నడుస్తూ ఆకుల మీద నీళ్లు చిలకరించాను దారి పొడుగునా.

తర్వాత నాకు ఆడపిల్ల పుట్టింది.

పిల్ల చక్కగా ఉండేది. నవ్వేది, అందర్నీ గుర్తుపట్టేది, మాటలు కూడా తొందరగా వచ్చాయి. కానీ నిలబడేది కాదు. ఏడాది నిండింది, ఏడాదిన్నర దాటింది. దాని ఈడు పిల్లలు వీధిలో పరుగెత్తుతున్నారు. ఇది కూర్చున్న చోటి నుంచి పిర్రల మీద జరుగుతూ పోయేది. నిలబెడితే కాళ్లు తడిగుడ్డలా మడత పడేవి. అత్త రోజూ ఆముదం కాచి రాసి కాళ్లు సాగదీసేది. పొట్టేలు కాళ్ల చారు పట్టేది. మాచర్ల తీసుకుపోతే అక్కడ డాక్టరు, "బలం తక్కువ, ఇంకొన్నాళ్లు చూడండి" అన్నాడు. మూడో ఏడు వచ్చింది. ఇంకొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో మాకు తెలియలేదు.

నా భయమల్లా ఒక్కటే. ఈ పిల్ల నడుస్తుందా, నడవదా. మేకల వెనక కొండెక్కుతుంటే ప్రతి అడుగుకీ అదే మాట లోపల తిరిగేది. మా బతుకు కాళ్ల మీదే. కాళ్లు లేని ఆడపిల్లకు మా ఊళ్లో ఏముంది?

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం పిన్నమ్మ వచ్చి పంచలో కూర్చుంది. పిల్ల వంక చూసింది, రోళ్లలో చెట్ల వంక చూసింది.

"ఏమనుకోబాకే తల్లీ. చెప్పకుండా ఉండలేక చెబుతున్నా. ఎదిగేదాన్ని ఎదగనీకుండా కాళ్లు నరికి, చేతులకు రాళ్లు కట్టి ఇంట్లో పెట్టుకుంటే, ఆ ఉసురు ఊరికే పోద్దా? ఇంట్లో ఎవరు చిన్నోళ్లుంటే వాళ్లకే గదా తగిలేది."

అత్త చేతిలో చేట ఆగిపోయింది. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. పిన్నమ్మ మా పిల్ల కోసం మొక్కుకున్న మనిషే. అందుకే ఆ మాట ఇంకా లోతుకు దిగింది.

సాయంత్రం పెదమామ నీళ్లకుండ పట్టుకుని చెట్ల దగ్గరికి వస్తుంటే, అత్త తెల్లమేక మెడ పట్టుకుని కూర్చుంది.

"తెల్లదానా, నాకు చెట్ల మీద కోపం లేదే. ఎవరి సరదా వాళ్లది. నా మనవరాలు నడిస్తే చాలు. ఆ చెట్లను కొండకు పంపిస్తే నడుస్తదేమో అడగవే" అంది. అంటూనే ఏడ్చింది.

ఆయన కుండ కింద పెట్టి, ఒక్కొక్క కొమ్మకు కట్టిన తాటినార విప్పడం మొదలుపెట్టాడు. రాళ్లన్నీ గోడ పక్కన కుప్పగా పోశాడు. వంగిన కొమ్మలు కొన్ని లేచాయి, కొన్ని ఆ వంపులోనే ఉండిపోయాయి.

నేను దగ్గరికి వెళ్లాను. "మావా, నిజమేనా అది?"

"నాకేం తెలుసే. రంగంలో షావుకారింట్లో ఇట్టాంటివి చానా ఉండేవి. ఆయన పిల్లలు తాటిచెట్లలా ఎదిగారు."

"మరి ఆ మాట అత్తకు చెప్పరాదూ?"

"చెబితే ఏమైద్ది? రేపు పిల్ల నడవకపోతే మళ్లీ నా చెట్ల వంకే చూస్తది. నువ్వూ చూస్తావ్."

"నేనెందుకు చూస్తా?"

"చూడాల. తల్లివి గదా" అన్నాడు. కోపంగా కాదు, పిల్ల తల నిమిరినట్టు అన్నాడు. "కానీ ఈ ఎండలో కదిపితే ఒక్కటీ బతకదు. వాన పడనీ. మొదటి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే తీసుకుపోయి, ఎక్కడివి అక్కడ నాటేస్తా. అప్పటిదాకా పిల్ల కంట పడకుండా దొడ్డి వెనక పెడతా. అత్తకు చెప్పు."

అత్తకు చెప్పాల్సిన పని లేకపోయింది, విననే వింది. ఆ రాత్రికల్లా చెట్లన్నీ మేకల దొడ్డి వెనక్కి పోయాయి. జువ్విని మా ఆయనా పెదమామా కలిసి మోశారు. ఆ రోజు నుంచి పెదమామ కత్తెర ముట్టుకోలేదు. నీళ్లు మాత్రం పోసేవాడు. చెట్లు ఇష్టమొచ్చినట్టు చిగుళ్లు వేశాయి. వాటిని గిల్లడానికి నాకూ చేయి రాలేదు. నేను నమ్మానని చెప్పను, నమ్మలేదని కూడా చెప్పలేను. గిల్లబోయేసరికి పిల్ల కాళ్లు గుర్తుకొచ్చేవి, అంతే.

మా వైపు నడక రాని పిల్లల్ని గుంటలో నిలబెడతారు. ఇంటి ముందు నేల తవ్వి, అడుగున ఇసక పోసి, పిల్లను నడుం లోతున నిలబెట్టి, చుట్టూ పాత చీర మడతలు కూరతారు. గట్టు ఆనుకుని నిలబడి నిలబడి కాళ్లకు బలం వస్తుందని. చేలో కూలికి పోయే తల్లులు కూడా పిల్లలు పాకిపోకుండా అట్లాగే చేస్తారు. మా పిల్లకూ గుంట తీద్దామంది అత్త. పెదమామే తవ్వాడు. పిల్లను దించి, చీర మడతలు చుట్టూ పెట్టి, చెట్టు మొదట్లో మన్ను అదిమినట్టు వేళ్లతో అదుముతూ అదుముతూ, చటుక్కున చేతులు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత పని నేను చేశాను.

ఆ గుంట పిల్లకు పడలేదు. మోకాళ్లు మడుచుకుని లోపలికి జారిపోయేది. నేను చేతులు పట్టి లేపితే, "వద్దమ్మా, వద్దు" అని ఏడ్చేది. ఎదురుగా ఖాళీ వాకిలి, ఎండ. దాని లోకమంతా గట్టు దాకానే. కాసేపటికి ముఖం కూడా కనపడేది కాదు, జుట్టు మాత్రం కనపడేది. అది చూసి నేను మేకల్ని తోలుకుని పోవడం ఎంత కష్టంగా ఉండేదో ఇప్పుడు రాస్తుంటే కూడా చేయి ఆగుతోంది.

ఒకరోజు మధ్యాహ్నం దాటాక పడమట మబ్బు పట్టింది. గాలిలో దుమ్ము లేచింది. మేకలు తడిస్తే మంచిది కాదని తొందరగా మళ్లించుకొచ్చాను. వాకిట్లో గుంట ఖాళీగా ఉంది. పంచలో పిల్ల లేదు. అత్త కూడా లేదు.

"అత్తా!" అని కేకేయబోయాను. దొడ్డి మూల దగ్గర అత్త వీపు కనిపించింది. చేట చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. నా అలికిడి విని వెనక్కి తిరక్కుండానే చెయ్యి అడ్డం పెట్టింది, ఆగమని.

దొడ్డి వెనక పెదమామ నీళ్లకుండ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయనా కదలడం లేదు. ఆయనకు నాలుగు బారల దూరంలో జువ్వి. జువ్వి దగ్గర నా కూతురు.

నిలబడి ఉంది.

గుంటలో ఏడుస్తుంటే అత్తే పైకి తీసి నీడలో కూర్చోబెట్టిందట. బియ్యం చెరిగి చూసేసరికి పిల్ల లేదు. పిర్రల మీద జరుగుతూ జరుగుతూ దొడ్డి వెనక్కి పోయింది. గిల్లేవాళ్లు లేక జువ్వి ఎర్రటి చిగుళ్లు వేసి ఉంది, అవి గాలికి ఊగుతున్నాయి. పలక అంచు పట్టుకుని, వేరు పట్టుకుని, మాను పట్టుకుని లేచింది. చెట్టు సరిగ్గా దాని ఎత్తే. ఒక చేత్తో పక్క కొమ్మ పట్టుకుని, రెండో చెయ్యి పైనున్న ఎర్ర చిగురు కోసం చాస్తోంది. కాళ్లు వణుకుతున్నాయి. మడమలు లేస్తున్నాయి, ఆనుతున్నాయి. మునివేళ్లు మాత్రమే మన్నులో గుచ్చుకుని ఉన్నాయి.

చిగురు అందింది. అందిన క్షణాన కొమ్మ ఫెళ్లున విరిగింది.

పిల్ల కూలబడింది. కొమ్మ దాని ఒళ్లో ఉంది, చిగురు గుప్పిట్లో ఉంది. ఏడవలేదు. మా అందర్నీ చూసి పకపకా నవ్వి, చిగురు నోట్లో పెట్టుకుంది. అత్త చేట పడేసి పరుగెత్తి, నోట్లో వేలు పెట్టి ఆకు తీసి, పిల్లను గుండెకు అదుముకుంది.

ఆ కొమ్మ ఆయన ఎన్నాళ్లు రాళ్లు మార్చి మార్చి వంచాడో నాకు తెలుసు. గాలికి వంగిన పెద్ద చెట్టులాగా కనిపించేది ఆ ఒక్క కొమ్మ వల్లే. పెదమామ దాని వంక చూడడం లేదు. పిల్ల పాదాల వంక చూస్తున్నాడు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

అప్పుడు అత్త ఆయన వైపు తిరిగింది. తెల్లమేక పంచలో ఎక్కడో ఉంది.

"బావగారూ, కొమ్మ విరిగిపోయింది" అంది.

ఆ ఇంట్లోకి ఆయన వచ్చాక అత్త నోట ఆయనతో వచ్చిన మొదటి మాట అది. అన్నాక తనే తెల్లబోయింది. కొంగు ముఖానికి అడ్డం లాక్కుంది.

పెదమామ నేల చూస్తూ, "పోనీలేమ్మా" అన్నాడు.

"మళ్లీ వస్తదా?"

"వస్తది. పక్కనించి."

పొయ్యి మీద ఏదో ఉన్నట్టు అత్త గబగబా లోపలికి పోయింది. పొయ్యి ఇంకా రాజెయ్యనే లేదు.

మసక వేళకు వాన పడింది. మొదటి వాన. నాపరాతి కప్పు మీద రాళ్లు విసిరినట్టు మోత. మా ఆయన తడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. సంగతి విని పిల్లను ఎత్తుకుని పంచలో గిరగిరా తిప్పాడు. దించి నిలబెట్టబోతే దాని కాళ్లు మళ్లీ మడత పడ్డాయి. ఇంకోసారి చూశాడు, మళ్లీ అంతే. ఎవరం ఎవరి ముఖం చూసుకోలేదు. ఒక్కసారి నిలబడితే అయిపోయిందా? మళ్లీ నిలబడకపోతే?

సంగటి తింటూ పెదమామ అన్నాడు. "వాన పడింది గదా. పొద్దున్నే కొండకు పోతా. జువ్వికి నువ్వు సాయం రావాలిరా."

మా ఆయన అత్త వంక చూశాడు. అత్త తల వంచుకుని పిల్లకు ముద్దలు పెడుతోంది. పొమ్మనలేదు, వద్దనలేదు. పొమ్మని అడిగింది తనే. ఇప్పుడు వద్దంటే, రేపు పిల్ల నడవకపోతే ఆ పాపం తన నెత్తికి వస్తుంది. ఆ భయం నాకు అర్థమైంది. పెదమామ తనంతట తాను ఉంచుతాననడు, అదీ అర్థమైంది. మా ఆయన, "సరే పెదనాన్నా, గునపం తీసి పెడతా" అన్నాడు. ఇంక ఆ ఇంట్లో మాట చెప్పాల్సింది ఎవరో నాకు తెలిసింది. కానీ అత్త ఎదుట, మొగుడి ఎదుట, పెద్దాయన ఎదుట, ఇరవై ఏళ్లు కూడా లేని కోడలు ఏమని చెబుతుంది? పడుకునే దాకా ఒక్క మాట కూర్చుకోలేకపోయాను.

పొద్దున్నే అందరికంటే ముందు లేచాను. మా ఆయన తీసిపెట్టిన గునపం పట్టుకుని దొడ్డి వెనక్కి పోయాను. వానకు నేల మెత్తబడి ఉంది. జువ్వి పక్కన, చెయ్యి చాస్తే చిగురు అందీ అందనంత దూరంలో గుంట తవ్వాను. ఇసక పోశాను. చీర మడతలు దులిపి చుట్టూ పరిచాను. నిద్ర కళ్లతో ఉన్న పిల్లను ఎత్తుకొచ్చి దించాను. అది ఒకసారి మోకాళ్లు మడిచింది. ముఖం మీదకు వంగి ఉన్న తడి ఆకులు చూసి, కాళ్లు మళ్లీ చాచింది.

పెదమామ గోనెపట్టాలు భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. గుంటను చూశాడు, పిల్లను చూశాడు.

"ఏందే ఇది?"

"లోతు చాలిందో లేదో చూడు మావా. ఎండ వస్తే పిల్లకూ జువ్వికీ నీడ కట్టు" అన్నాను.

ఆయన ఏమంటాడో వినడానికి ఆగలేదు. దొడ్డి తలుపు తీసి, మేకల్ని తోలుకుని కొండకు పోయాను.